మధ్యాహ్నపు నకలు

ఆ ఉదయం ఆకాశం కురవలేదు, విడవలేదు. కడిగి బోర్లించిన సత్తు గిన్నెలా నెత్తి మీద తెల్లగా నిలబడిపోయింది. ఎండ ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఏ వస్తువుకీ నీడ లేదు. అతను కంప్యూటరు పెట్టెను పాత దుప్పటిలో చుట్టి, స్కూటరు వెనక సీటుకు రెండు వరసల తాడు బిగించి, ముడి మీద ముడి వేశాడు. తాడు లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. ఆఫీసు మెట్ల మీద నిలబడి పళ్ళ సందున పుల్ల ఆడిస్తున్న గొలుసాయన నవ్వాడు.

"దూడని కట్టినట్టు కట్టారే బామ్మర్ది గారూ! పారిపోతుందా అది?"

"పారిపోదు. పడిందంటే మాత్రం మళ్ళీ నన్నే అంటారు."

గొలుసాయన నవ్వు ఆగింది. పుల్ల పారేసి కిందికి దిగి వచ్చి, అడక్కుండానే వేలాడుతున్న దుప్పటి చెంగును తాడు కిందికి దోపాడు.

అది కొలతల ఆఫీసు. వీధులూ స్థలాలూ మురుగు కాలవలూ కొలిచి పటాలు గీసిచ్చే చోటు. బావది. గొలుసాయన ఇప్పుడు కొలత గొలుసు పట్టడు, మూడు కాళ్ళ యంత్రాన్ని భుజాన వేసుకుని తిరుగుతాడు, అయినా పేరు పోలేదు. కంప్యూటర్లు చూసుకునే ఇతనికి 'బామ్మర్ది' అన్న పేరూ అలాగే అంటుకుంది. యజమాని భార్యకు తమ్ముడని మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్నారు. ఇప్పుడు కరెంటు పనివాడికీ, నీళ్ళ డబ్బాల మనిషికీ, పటాల కోసం వచ్చే కాంట్రాక్టర్లకీ అతను బామ్మర్ది గారే. ఆ 'గారు' అన్న మాట పలికేటప్పుడు ఎవరి పెదవి ఎటు వంగుతుందో అతనికి తెలుసు.

పోయిన వారం గట్టు కింది పేట కాలవల పటాలున్న ఫోల్డరు ఉన్నట్టుండి ఖాళీ అయింది. ఒక ఏడాది కొలత అది. ఆఫీసు కాలినా మునిగినా ఒక నకలు వేరే చోట ఉండాలని, అతను రోజూ సాయంత్రం సర్వరులోని పటాలన్నీ అరచేతిలో పట్టే డిస్కులోకి ఎక్కించుకుని, గుడ్డసంచిలో వేసుకుని, ఊరికి ఆ చివరనున్న అమ్మ ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టేవాడు. ఉన్నది ఒక్కటే డిస్కు. నిన్నటి దాని మీద ఇవాళ్టిది. ఇంకోటి కొనమంటే బావ కొనలేదు. ఫోల్డరు పోయిన రోజు సాయంత్రం అతను ఆ సంగతి చూసుకోకుండా, మంచి నకలు మీద ఖాళీని ఎక్కించుకుని వెళ్ళాడు.

మర్నాడు బావ ఆ సంచిని అందరి ముందూ బల్ల మీద బోర్లించాడు.

"అక్క పెట్టిన కూడు అరక్క కళ్ళు మూసుకుని మోస్తున్నావుట్రా? గాడిద కూడా వీపు మీద బరువు తగ్గితే కనిపెడుతుందిరా!"

పటాలు గీసే స్కేలమ్మ కంప్యూటరు తెర మీదికి మరీ వంగింది. గొలుసాయన తన బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. బావ అతని తాళాల గుత్తి తీసుకుని, ఆఫీసు తాళంచెవిని గోరుతో రింగులోంచి విప్పి, తన జేబులో వేసుకున్నాడు. అసలు ఆ ఫోల్డరుని ఖాళీ చేసిందెవరని మాత్రం ఎవరూ అడగలేదు. దొరికినవాడు దొరికాక ఇంకెవర్ని వెతుకుతారు?

"ఇక మనిషి చెయ్యి తగలకూడదు. అదంతట అదే అక్కడికి వెళ్ళాలి. నువ్వే చెయ్యి, నీకు అదే శిక్ష" అన్నాడు బావ.

అందుకే ఈ పెట్టె. ఇక మీదట నకళ్ళు ఉండబోయే యంత్రం ఇదే. అతను స్కూటరుని గుంతలు తప్పిస్తూ నెమ్మదిగా నడిపాడు. దారి పొడవునా బావ గోరు, రింగులోంచి జారే తాళంచెవి, ఆ చిన్న చప్పుడు అతని చెవిలో ఉన్నాయి.

అమ్మ వెనక గదిలో కుట్టు మిషను బల్ల ఖాళీ చేసి పెట్టింది. పెట్టెను దాని మీద పెట్టి, తీగలు కలిపి మీట నొక్కితే చిన్న పచ్చ దీపం వెలిగింది. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటూ చూసింది.

"ఎంత సేపుంటుందిరా ఇది ఇక్కడ?"

"ఎప్పటికీ ఉంటుంది. ఆపకూడదు."

"నాకు కోడలు దొరికినట్టే. మాటా మంచీ లేకుండా గదిలో గుర్రుమంటూ కూచునే కోడలు." నవ్వి, అతని మొహం చూసి నవ్వు దించుకుంది. "మీ బావ నోరు అంతేరా. అక్క మొహం చూసి ఊరుకో."

"ఊరుకున్నాను కదమ్మా."

అతను అలా అన్నప్పుడు దవడ ఎముక ఒక్కసారి పైకి తేలి మునిగింది. అమ్మ చూసింది. వంటింట్లోకి వెళ్ళింది.

*

మర్నాడు ఆఫీసులో అతను పొద్దుటి నుంచీ లేవకుండా కూచున్నాడు. దారి వెయ్యాలి ముందు. ఆఫీసు యంత్రం అమ్మ ఇంటి యంత్రం తలుపు తట్టాలి, ఈ పక్క ఎవరూ కూచుని సంకేతపదం కొట్టకుండానే ఆ తలుపు తెరుచుకోవాలి. ఇంకెవరు తట్టినా తెరుచుకోకూడదు. అతను ఒక జత తయారు చేశాడు, తాళమూ దానికి సరిపోయే చెవీ. తాళం అక్కడ బిగించాడు, చెవి ఇక్కడ సర్వరులో దాచాడు. ఆ చెవితో లోపలికి వెళ్ళినవాడు ఒక్క పటాల ఫోల్డరు తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా కట్టడి చేశాడు. దారిలో ఎవడు మధ్యన తొంగి చూసినా వాడికి తవుడు కనపడాలి గానీ గింజ కనపడకూడదు. అదీ చూసుకున్నాడు. ఒకటికి రెండుసార్లు పరీక్షించాడు. చేతకానితనం ఇందులో ఎక్కడా కనపడకూడదని పంతం.

అతని మోకాలి పక్కనే సర్వరు. అందులో యంత్రాన్ని నడిపే డిస్కు ఒకటి, చిన్నది. పటాలుండే డిస్కు వేరు, పెద్దది, ముసలిది. ఆ పెద్దది కొన్నాళ్ళుగా చప్పుడు చేస్తోంది. బియ్యంలో రాయి పంటి కింద పడ్డట్టు ఒక టిక్కు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టిక్కు. వినగా వినగా స్కేలమ్మకి కూడా అలవాటైపోయింది. "మీవాడు మళ్ళీ నములుతున్నాడండోయ్" అంటుంది. అతను ఫోల్డరు గొడవకి ముందే బావతో చెప్పాడు, డిస్కు మార్చాలి, ఇది పోయేలా ఉందని. "నీలాగే అదీ గొణుగుతోంది. పని చేస్తోందా లేదా? చేస్తోందిగా!" అన్నాడు బావ. ఆ రోజు అందరూ నవ్వారు.

మధ్యాహ్నం బావ వచ్చి అతని కుర్చీ వెనక నిలబడ్డాడు. బావ చెమట వాసన, సిగరెట్టు వాసన కలిసి ముందుకు వచ్చాయి.

"ఎంతదాకా వచ్చింది?"

"దారి పడింది బావా. రోజూ ఒంటిగంటకి, అందరూ తిండికి లేచినప్పుడు దానంతటది వెళ్తుంది. ఒక్క మాట. ఏ రోజు నకలు ఆ రోజుదిగా విడిగా ఉంచుదామా? కొన్నాళ్ళ పాతవి అక్కడే నిలిచి ఉంటాయి."

ఆ ప్రశ్న అతను కపటం లేకుండానే అడిగాడు. అప్పటికి అతని మనసులో పని తప్ప ఇంకేమీ లేదు.

"గడ్డివామా అది, పోగులు పెట్టడానికి? పాతవన్నీ ఉంచితే ఏది కొత్తదో ఏది పాతదో తెలియక మళ్ళీ ఏదో కొంప ముంచుతావు. అద్దంలా ఉండాలి. ఇక్కడేముంటే అక్కడ అదే ఉండాలి. ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదు. అర్థమైందా, రాసుకుంటావా?"

"రాసుకోనక్కర్లేదు బావా. గుర్తుంటుంది."

బావ వెళ్ళాడు. సర్వరులో టిక్కుమంది. అతని చేతులు మీటల మీద ఆగిపోయాయి.

ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదు. పెద్ద డిస్కు ఒక రోజు చచ్చిపోతుంది. దాన్ని ఆపి మళ్ళీ వేస్తే యంత్రం చిన్న డిస్కుతో లేస్తుంది. పటాలుండాల్సిన చోట ఉత్త ఫోల్డరు ఉంటుంది, తలుపు తెరిచిన ఖాళీ గదిలా. ఒంటిగంట అవుతుంది. నకలు తీసే పని ఆ ఖాళీ గదిని చూసుకుని, ఇక్కడేమీ లేదు గనక అక్కడా ఉండకూడదని, అమ్మ ఇంట్లో ఉన్నవన్నీ నీటుగా తుడిచేస్తుంది. ఈ పని చేసేవాడెవడైనా అందుకే ముందుగా ఒక వాక్యం రాస్తాడు: పెద్ద డిస్కు కనపడితేనే కదులు, లేకపోతే ఆగిపో. అతను అలవాటు కొద్దీ ఆ వాక్యం పొద్దున్నే రాసి ఉన్నాడు.

దాన్ని చూస్తూ కూచున్నాడు. స్కేలమ్మ ఎవరితోనో ఫోనులో కొలతలు చెప్తోంది. గొలుసాయన యంత్రం కాళ్ళకంటిన బురద గీకుతున్నాడు. అతను చిటికెన వేలితో చెరిపే మీట నొక్కాడు. చివరి అక్షరం పోయింది. ఇంకోటి. గింజ గింజ ఏరినట్టు, ఒక్కొక్కటే, వాక్యం మొత్తం. చోటు తెల్లగా మిగిలింది. ఏ చేత్తోనూ ఏదీ చెడగొట్టలేదు. ఒక మాట రాయలేదు, అంతే. బావ చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేశాడు.

ఆ రోజు నుంచి ఆ చప్పుడు అతనికి సంగీతమైంది. టిక్కుమన్నప్పుడల్లా లోపల ఎక్కడో చల్లగా ఉండేది. మంచాన పడ్డ పగవాడి ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళేవాడిలా, సర్వరు పక్క నుంచి వెళ్ళేటప్పుడు నడక తగ్గించేవాడు. బావ ఈ బల్ల ముందు నిలబడి నోరు తెరిచినప్పుడు, అందరూ చూస్తుండగా, తను గొంతు పెంచకుండా ఏమనాలో కూర్చుకున్నాడు. 'మీరు చెప్పిందే కదా బావా చేశాను.' ఆ మాటని కొడవలి నూరినట్టు నూరుకున్నాడు. 'కదా' ఉండాలా వద్దా అని కూడా ఆలోచించాడు.

పని మొదలైన రోజు బావ అందరినీ పిలిచి చూపించాడు. తిండి వేళ అయింది, ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద పటాల పేర్లు చీమల బారులా జరిగిపోయాయి. అమ్మకి ఫోను చేసి, దీపం గబగబా కొట్టుకుంటోందని చెప్పించారు.

"చూశారా? మనిషి చెయ్యి లేదు. అద్దం!" అని బావ అతని వీపు మీద గట్టిగా చరిచాడు. "తిడితే గానీ పని చెయ్యడు వీడు."

అతను నవ్వాడు. చాలా రోజుల తరవాత నవ్వాడని గొలుసాయన గమనించాడు.

*

అక్క వారంలో రెండు రోజులు మధ్యాహ్నం పూట ఆఫీసుకొచ్చి బిల్లులు ఎక్కించి వెళ్తుంది. ఆ రోజు వచ్చి, తమ్ముడి బల్ల మీద టిఫిను డబ్బా పెట్టి, "పొద్దున్న తినకుండా వచ్చావంట, అమ్మ చెప్పింది" అంది. అతను డబ్బా పక్కకి జరిపాడు. బావ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఇంటి నుంచి వచ్చిన డబ్బా కూడా అందులో లెక్కే.

"నా మీద కూడానా?" అంది అక్క.

"నీ మీద ఏముంది? ఆకలి లేదు."

అక్క కాసేపు నిలబడి తన కుర్చీలోకి వెళ్ళింది. పని చేస్తున్నంత సేపూ ఆమె ఎడమ చెయ్యి గాజుని మణికట్టు చుట్టూ తిప్పుతూనే ఉంది. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చేవేళకి లేచి, పెన్‌డ్రైవు తీసి కంప్యూటరుకి గుచ్చింది. సాయంత్రం ఇంట్లో చూసుకోవడానికి ఏవో పటాలు తెమ్మని బావ చెప్పాడట. అతను తీగ మారుద్దామని ఆమె వెనకాల వంగి ఉన్నాడు. ఆమె ఫోల్డరుని పట్టుకుని పెన్‌డ్రైవు లోకి లాగింది. నకలు తియ్యడం లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు అక్కడికి జరుపుతోంది. ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలో పోసి మొదటిది కడిగి బోర్లించే చెయ్యి అది. తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది.

కింద వీధిలో హారను మోగింది. బావ హారను మీద చెయ్యి పెడితే తియ్యడు. అక్క ఉలిక్కిపడింది. సంచి భుజాన వేసుకుంది. గీత సగమైనా నిండలేదు. హారను మళ్ళీ మోగింది. ఆమె చెయ్యి చాచి పెన్‌డ్రైవుని పుటుక్కున లాగేసింది.

తెర మీద ఎర్ర గుర్తుతో ఒక హెచ్చరిక పెట్టె లేచింది.

అతను చూసింది ఆ పెట్టెను కాదు, అక్క మొహాన్ని. అందులో ఆశ్చర్యం లేదు. ఇదేమిట్రా అని వెనక్కి తిరగలేదు. ఎప్పుడో ఒకసారి కాలిన చోటే మళ్ళీ చుర్రుమన్నట్టు కళ్ళు మూసుకుంది.

అతను మెల్లిగా నిటారుగా నిలబడ్డాడు.

"అక్కా. ఆ రోజు కూడా హారను కొట్టాడా?"

అక్క గాజు తిప్పింది.

"కొట్టాడా?"

"కొట్టారు."

"గట్టు కింది పేటదేనా నువ్వు జరిపింది?"

ఆమె తల ఊపిందో లేదో తెలియనంతగా ఊపింది. "ఇంటికెళ్ళి చూస్తే ఇందులో ఏమీ లేదురా. ఇక్కడా ఉండదని భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున్న చెబుదామనే అనుకున్నాను. ఈలోగా నీ సంచి పట్టుకున్నారు."

"ఈలోగా!"

"నిన్నయితే తిడతారు, ఊరుకుంటారు. నేనయితే రోజూ వండి పెట్టేటప్పుడల్లా వినాలి, పడుకునే ముందు వినాలి. పిల్లలు పెద్దయ్యేదాకా వినాలి. నువ్వు మగాడివి, దులుపుకుని పోతావనుకున్నాను."

హారను ఆగకుండా మోగుతోంది. ఆమె రెండడుగులు వేసి వెనక్కి చూసింది. అతను కంప్యూటరు ముందు కూచుని, తెగిపోయిన ఫోల్డరులో పోయిన పటాలను మధ్యాహ్నం వెళ్ళిన నకలులోంచి వెనక్కి తెస్తున్నాడు. అమ్మ ఇంటి నుంచి అవి ఒక్కొక్కటే వచ్చి చోట్లో కూచున్నాయి. తమ్ముడు ఇక తల ఎత్తడని తెలిసి అక్క మెట్లు దిగిపోయింది.

పటాలన్నీ వచ్చాక అతను మధ్యాహ్నపు నకలు పని తెరిచాడు. వాక్యం చెరిపిన చోట కర్సరు మినుకుమంటోంది. ఈ నకలు ఎంత విలువైనదో ఇప్పుడే కళ్ళారా చూశాడు. ఇప్పుడు రాస్తే ఒక్క నిమిషం పని. వేళ్ళు మీటల మీద పెట్టాడు. 'దులుపుకుని పోతావనుకున్నాను.' ఇన్నాళ్ళూ ఒక్క బావ మీదికే పారుతున్న కసి గట్టు తెంచుకుని ఇద్దరి మీదికీ మళ్ళింది. అక్క ఇల్లు నడిచేది కూడా ఈ పటాలతోనే. పోనీ. ఇద్దరూ కలిసి చూడనీ. అతను పనిని మూసేసి, తాకని టిఫిను డబ్బాని తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

*

మూడో నాడు పొద్దున్న ఆఫీసులోకి అడుగు పెట్టగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. బల్ల దగ్గర కూచున్నాక తెలిసింది. టిక్కు లేదు.

స్కేలమ్మ అప్పుడే అంది, "ఇదేంటండీ, ఒక్క పటమూ తెరుచుకోవట్లేదు!"

బావ వచ్చాడు. తెర చూశాడు, సర్వరు చూశాడు. వంగి, ఆ ఆరాటంలో మీట కూడా వాడకుండా తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. యంత్రం లేచింది. పటాల ఫోల్డరు తెరిస్తే తెల్లగా, ఖాళీగా ఉంది. అక్క ఆ రోజు పొద్దుటే వచ్చి ఉంది. గాజు మీద చెయ్యి ఆగిపోయింది.

"డిస్కు పోయింది" అన్నాడు అతను. అంతకు మించి అనలేదు.

బావ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడి, గట్టిగా ఊపిరి వదిలి, నవ్వాడు. "పోతే పోనీ. ముసలిది. అద్దం ఉందిగా అత్తయ్య ఇంట్లో!" కాంట్రాక్టరుకి అందరూ వినేలా ఫోను చేసి, మన దగ్గర అన్నీ రెండు చోట్ల ఉంటాయి, మీకేం భయం లేదు, సోమవారానికల్లా పటాలు మీ బల్ల మీద ఉంటాయి అన్నాడు. తరవాత అతని వైపు తిరిగాడు. "కొట్టుకెళ్ళి కొత్త డిస్కు పట్రా. సాయంత్రం వెళ్ళి మొత్తం తెచ్చుకుందాం. నువ్వు చేసిన పని మొదటిసారి అక్కరకొచ్చిందిరా."

అతను స్కూటరు తీశాడు.

కంప్యూటర్ల కొట్టులో జనం ఉన్నారు. కౌంటరు వెనక గోడ గడియారం. ఒంటిగంటకి ఇంకా కాస్త ఉంది. కొట్టతను డిస్కు తెచ్చి, డబ్బా విప్పి చూపించి, "పాతది తెచ్చారా? ఏమన్నా వెనక్కొస్తాయేమో చూడమంటారా?" అన్నాడు.

"దాన్లో చదివే తల విరిగి, లోపలి పళ్ళేలన్నీ గీసుకుపోయుంటాయి."

"అయితే కష్టం. నకలుందా?"

"ఉంది."

"మరింకేం!" అని కొట్టతను బిల్లు రాయడానికి లోపలికి వెళ్ళాడు.

అతను గడియారం కిందే నిలబడ్డాడు. జేబులో ఫోను తొడకి ఒత్తుకుంటోంది. అమ్మకి ఒక్క మాట చెబితే చాలు. వెనక గదిలోకి వెళ్ళి తీగ పీకమ్మా. అంతే. పచ్చ దీపం ఆరిపోతుంది, అన్నీ ఉన్నచోట ఉంటాయి. ఫోను తీశాడు. నొక్కాడు. రెండు మోతలకే అమ్మ ఎత్తింది.

"ఏరా, తిన్నావా?"

అవతల పొయ్యి మీద ఏదో కుతకుతమంటున్న చప్పుడు. అతను నోరు తెరిచాడు. బావ గోరు కనపడింది. దులుపుకుని పోతావనుకున్నాను అన్న గొంతు వినపడింది.

"తింటాలే" అన్నాడు.

"ఎండలో తిరక్కు. ఉంటాను."

ఫోను జేబులో పెట్టి, గడియారం పెద్ద ముల్లు పైకి పాకడం చూశాడు. అది నిలువుగా నిలబడింది. దాటింది. ఎక్కడా ఏ చప్పుడూ రాలేదు. కొట్టతను చిల్లర ఇస్తూ, "బాగా చెమట పట్టింది మీకు, మంచినీళ్ళు తాగుతారా?" అని అడిగాడు.

వెనక్కి వస్తూ 'మీరు చెప్పిందే కదా బావా చేశాను' అన్న మాటని మరోసారి నూరుకున్నాడు. మెట్లెక్కేటప్పుడు కాళ్ళు తేలికగా ఉన్నాయి.

లోపల ఎవరూ పని చెయ్యడం లేదు. స్కేలమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది, ముక్కు కొస ఎర్రగా ఉంది. గొలుసాయన అతన్ని చూడగానే కూచున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. బావ బల్ల చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చాడు.

"మీ అక్క చెప్పింది" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అందరి ముందే అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నా. ఆ రోజు తప్పు నీది కాదు. తనూ కావాలని చెయ్యలేదు. హారను కొట్టి తొందర పెట్టింది నేను. నేనన్న మాటలు నేనే మింగుతున్నాను. మింగుడు పడట్లేదు గానీ, మింగుతున్నాను."

బావ జేబులోంచి తాళంచెవి తీసి, అతని గుత్తి అడిగి తీసుకుని, అదే గోరుతో రింగు విడదీసి, తాళంచెవి ఎక్కించాడు. రింగు బిగుతుగా ఉంది. రెండుసార్లు జారింది. అందరూ అలాగే చూస్తున్నారు.

అక్క దగ్గరకొచ్చింది. "ముందే చెప్పాల్సింది. ఇవాళ ఇది కూడా పోయినప్పుడు నా ప్రాణం పోయిందిరా. అన్నీ అమ్మ ఇంట్లో భద్రంగా ఉన్నాయనేసరికి, నువ్వే నిలబెట్టావనేసరికి ధైర్యం వచ్చింది. నువ్వు లేకుండా చెప్పానని ఏమీ అనుకోకు. నువ్వుంటే నోరు పెగిలేది కాదు."

అతను చేతిలో తాళాల గుత్తి, చంకలో కొత్త డిస్కు డబ్బాతో నిలబడ్డాడు. నూరుకున్న మాట ఇక అనడానికి లేకుండా పోయింది.

"ఇప్పుడే వెళ్దాం" అన్నాడు. "అమ్మ ఇంటికి. ఇప్పుడే."

"సాయంత్రం..."

"ఇప్పుడే బావా."

బావ కారు తీశాడు. అక్క ముందు కూచుంది, గొలుసాయన అతని పక్కన. గొలుసాయన దారి పొడవునా మెల్లగా ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆ రోజు జరిగింది తప్పని తనకి తెలియక కాదు, నోరు లేక ఊరుకున్నానని, మనసులో ఉంచుకోవద్దని. అతనికి ఒక్క మాటా చెవికెక్కలేదు. గొలుసాయన పాదాలు చెప్పుల్లో పగుళ్ళిచ్చి, మడమల దగ్గర ఎండిన చెరువు మట్టిలా ఉన్నాయి. గట్టు కింది పేట ఒక్కటేనా, ఊళ్ళో సగం వీధులు ఆ పాదాల కింద నుంచి పటాల్లోకి ఎక్కినవే. కసిలో ఉన్న అన్ని రోజుల్లోనూ అతను ఆ పాదాల గురించి ఒక్కసారి తలుచుకోలేదు.

వెనక గదిలో పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. అతను మిషను బల్ల ముందు ముక్కాలి పీట మీద కూచుని ఫోల్డరు తెరిచాడు. తెలిసి తెరిచాడు. అయినా తెరిచేటప్పుడు, ఎక్కడో ఏదో అడ్డుపడి పని ఆగిపోయి ఉంటుందేమోనని చిన్నపిల్లవాడిలా ఆశపడ్డాడు. తెల్లగా ఉంది. ఒక్క పేరు కూడా లేదు.

వెనక నలుగురు నిలబడి చూస్తున్నారు. అమ్మకి మాత్రం ఏం చూడాలో తెలియక అందరి మొహాలూ చూసింది.

"ఇదేనా? ఇంకో చోటేమన్నా..." అన్నాడు బావ.

"ఇదే. ఇక్కడ ఖాళీ అయింది కదా అని మధ్యాహ్నం అక్కడి ఖాళీ..." అని ఆగాడు. ఇక్కడేదో అక్కడేదో తడబడింది.

బావ కొలతలు తెలిసిన మనిషి. మెల్లగా లెక్క కట్టుకున్నాడు. తలుపు చట్రానికి చెయ్యి ఆనించాడు.

"అద్దంలా ఉండాలన్నాను. రోజుకోటి విడిగా ఉంచుదామని అడిగావు కూడా. గడ్డివామా అన్నాను." "నేను చెప్పిందే చేశావు. డిస్కు మార్చమన్నావు, అదీ వినలేదు. ఈసారి నిన్నేమీ అనడానికి లేదురా."

అతను పీట మీద నుంచి లేచాడు. "బావా, నేను ఒక..."

"నువ్వేం చెప్పక్కర్లేదు" అంది అక్క. ఆమె చెయ్యి తమ్ముడి భుజం మీద పడింది. "చాలు. వాణ్ని ఇంకేమీ అడక్కండి."

"అడగట్లేదు" అన్నాడు బావ.

"కాళ్ళున్నాయి కదా సారూ" అన్నాడు గొలుసాయన, గోడకి చూస్తూ. "మళ్ళీ నడుద్దాం. కాలవలెక్కడికీ పోవుగా."

అతను మళ్ళీ నోరు తెరిచాడు. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఫోనులో అప్పుడే తింటానన్నావు, తిన్లేదు కదూ? ముందు రండి అందరూ. అల్లుడు గారూ, మీరూ రండి. ఏం పోయినా తిండి వేళకి తినాలి."

వంటింటి పక్క నడవాలో చాప పరిచింది. పళ్ళేలు పెట్టింది. గొలుసాయన మొహమాటపడి గుమ్మం దగ్గర కూచోబోతే బావ జరిగి పక్కన చోటిచ్చాడు. అక్క నీళ్ళు పెట్టి, తనూ తమ్ముడి ఎదురుగా కూచుంది. అమ్మ అన్నం పెట్టింది, కూర వేసింది. కూర గిన్నె బావ ముందుకు వచ్చినప్పుడు, బావ తను వేసుకోకుండా గరిటెడు తీసి ముందు బామ్మర్ది పళ్ళెంలో వేశాడు. ఇంకొంచెం వేశాడు.

అతను అన్నం కలిపాడు. కలిపింది మళ్ళీ కలిపాడు. ఎదురుగా అక్క అతను తినే దాకా ముద్ద ఎత్తకుండా చూస్తోంది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు అక్క తన పళ్ళెంలో చెయ్యి పెట్టింది. తరవాత బావ, గొలుసాయన. పళ్ళేలకి వేళ్ళు తగిలే చప్పుడు, నీళ్ళ గ్లాసు ఎత్తి దించిన చప్పుడు. అమ్మ అతని పక్కన నిలబడి, వద్దంటాడేమోనని కాసేపు చూసి, మారు వడ్డించింది. అతను వద్దనలేదు. తల వంచుకుని తింటూనే ఉన్నాడు.